గుడియాత్తంలో నాయనకు చెప్పాల్సిన సమాచారం

నెల్లూరులో పొద్దున ఏడున్నరకు రావాల్సిన రైలు ఎనిమిది దాటాక వచ్చింది. ఏళ్ళ తరబడి బస్సు కండక్టరుగా పనిచేసినదాన్ని కాబట్టి, బండి ఆలస్యమైతే జనం ఎవర్ని తిట్టుకుంటారో నాకు బాగా తెలుసు. అందుకే నోరు మూసుకుని ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నాను. సంచిలో రెండు చీరలు, పెరుగన్నం డబ్బా, నీళ్ళ సీసా, మోకాళ్ళకు రాసుకునే నూనె ఉన్నాయి. రిజర్వేషన్ ముందే చేయించుకున్నాను. కిటికీ సీటు వచ్చింది గానీ అందులో అప్పటికే ఒక పెద్దాయన చెప్పులు విప్పి, కాళ్ళు మడిచి, గుళ్ళో కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు. టికెట్టు చూపించి లేపాను. మొహమాటపడితే కండక్టరు ఉద్యోగం ఏం చేస్తాం!

నేను పోతున్నది వేలూరు మీదుగా తమిళనాడులోని మా పుట్టింటి ఊరు గుడియాత్తానికి. మా నాయన అక్కడే ఉన్నాడు. ఉన్నాడంటే, ఊరి బయట ఏటి గట్టున మట్టిలో ఉన్నాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

మా నాయన మునిరత్నం గుంట మగ్గం మీద లుంగీలు నేసేవాడు. అక్కడ వాటిని కైలీలంటారు. ఇంటికి ఎవరొచ్చినా సరే, మగ్గం గుంటలోంచి తలెత్తి ఆయన అడిగే మొదటి మాట "ఏమి సమాచారం?" అనే. అన్నం తిన్నావా అని కాదు, ఎప్పుడు బయల్దేరావు అని కాదు. వచ్చినవాళ్ళు పెళ్ళిళ్ళు, కాన్పులు, గొడవలు అన్నీ ఏకరువు పెట్టాల్సిందే. చేతుల పాటికి చేతులు ఆడుతుంటాయి, ఆయన వింటుంటాడు. మా ఆయన బస్సు డ్రైవరు. ఆయన చిన్న వయసులోనే పోయినప్పుడు నాయన నెల్లూరు వచ్చి నా పక్కన కూర్చుని, ఆ ఒక్కసారి మాత్రం ఏమీ అడగలేదు. ఆ తర్వాతే నాకు కండక్టరు ఉద్యోగం ఇచ్చారు. గుడియాత్తంలో చదివింది అరవం కాబట్టి తెలుగు అక్షరాలు బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

నాయన పోయినప్పటి నుంచి మా తమ్ముడు మోహన్ ప్రతి ఆడి అమావాస్యకు గుడియాత్తం పోయేవాడు. ఆడి అమావాస్య అంటే మన ఆషాఢ అమావాస్యే. నాయనను పూడ్చిన చోట పాలు పోసి, అక్కడే కూర్చుని, ఆ ఏడాది ఇంటి సంగతులన్నీ పైకే చెప్పి వచ్చేవాడు. మా వీధి నేతవాళ్ళలో ఇది ఉన్న పద్ధతే. ఇంటి సంగతి పోయినవాళ్ళకు ఇంటివాళ్ళ నోటే తెలియాలంటారు. తమ్ముడు ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఎంత పనున్నా ఆ రోజు సెలవు పెట్టేవాడు. సాయంత్రం నాకు ఫోన్ చేసేవాడు.

"అక్కా, నువ్వు రిటైరైంది చెప్పేసినా. నీ మోకాళ్ళ నొప్పి గూడా చెప్పినా."

"అదెందుకురా ఆయనకు?"

"సమాచారమే గదక్కా!"

ఈ ఏడాది ఎండాకాలంలో ఆ తమ్ముడే పోయాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి చొక్కా విప్పుతూ విప్పుతూ కూలిపోయాడట. ఆంబూరులోనే పూడ్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు తమ్ముడి కూతురు దివ్యకు ఆడపిల్ల పుట్టింది. మనవరాలి మొహం కూడా చూసుకోలేదు వాడు. ఇప్పుడు ఈ రెండు సంగతులూ నాయనకు చెప్పాలి. చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను. నాకు పిల్లలు లేరు, తమ్ముడికి ఆ ఒక్క కూతురే. దానికేమో పచ్చి బాలింతరాలి ఒళ్ళు. పైగా మా వాళ్ళలో ఆడవాళ్ళు సుడుకాటికి, అంటే శ్మశానానికి, పోరు. నాయనను సాగనంపిన రోజు నేను వీధి మలుపు దాకా పోయి అక్కడే నిలబడిపోయాను. ఆయనను ఎక్కడ పెట్టారో నేను చూడనే లేదు.

రెండింటిలో ముందు ఏది చెప్పాలి? బిడ్డ పుట్టిందని మొదలుపెట్టి కొడుకు పోయాడని ముగించాలా, లేక అటుది ఇటా? గూడూరు వచ్చేదాకా నాకిదే ఆలోచన.

గూడూరులో ఎక్కినామె నా పక్కన సర్దుకుని కూర్చుని, నన్ను, నా సంచిని, మళ్ళీ నన్ను చూసింది.

"ఒక్కటే పోతుండావా మా?" అంది.

"ఒక్కదాన్నే. రైలంతా జనమే ఉన్నారుగా!" అన్నాను.

నా మాట అంతే, కొంచెం కారం ఎక్కువ. ఆమె ఏమీ అనుకోకుండా రెండు జామకాయలు నా ఒళ్ళో పెట్టింది. రేణిగుంటలో దిగేదాకా ఆమె కోడలి సంగతులన్నీ విన్నాను. మా నాయన ఉండుంటే ఇంకో రెండు స్టేషన్లు కూర్చోబెట్టి మరీ వినేవాడు. తిరుపతిలో బండి సగం ఖాళీ అయింది. పాకాల దాటాక పెరుగన్నం తిన్నాను. చిత్తూరు తర్వాత బోర్డుల మీద అక్షరాలు మారిపోయాయి, ఇడ్లీ అమ్మేవాడి కేక మారింది. మధ్యాహ్నం రెండున్నరకు కాట్పాడిలో దిగాను.

కాట్పాడి స్టేషన్ బయటికి వస్తే ఆటోవాళ్ళు మీద పడతారు. వాళ్ళను దాటుకుని రోడ్డు మీదికి వస్తే వేలూరుకు టౌను బస్సులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఎక్కి, అలవాటు కొద్దీ సరిపడా చిల్లర చేతిలో పట్టుకుని "వేలూరు ఒకటి" అన్నాను. కండక్టరు పిల్లాడు నా తెలుగు విని తెలుగులోకి మారాడు.

"ఆడోళ్ళకు దుడ్డు వొద్దమ్మా, పెట్టుకోండి" అని ఒక చీటీ చేతిలో పెట్టాడు.

"నేనూ కండక్టర్నే నాయనా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. అంత జనంలో ఎవరికో ఒకరికి నేనెవరో చెప్పాలనిపించింది. అతను నవ్వి, "అట్లయితే డోరు కాడ నిలబడండమ్మా, నేను కూర్చుంటా" అని ముందుకు పోయాడు. మంచి పిల్లాడు. విజిల్ మాత్రం సరిగ్గా వేయడం లేదు, డ్రైవరు రెండుసార్లు తిరిగి చూశాడు.

వేలూరులో కోట దాటి, పెద్దాసుపత్రి ఎదురు సందుల్లో లాడ్జీలు చాలా ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి వైద్యానికి వచ్చేవాళ్ళు అక్కడే దిగుతారు. గది కావాలనుకునేవాళ్ళు పొద్దునే పోవడం మంచిది, మధ్యాహ్నానికి కింది అంతస్తులన్నీ నిండిపోతాయి. నాకు మూడో అంతస్తులో దొరికింది. మోకాళ్ళ సంగతి అడక్కండి.

"పేషెంటు పేరు?" అన్నాడు లాడ్జీ మేనేజరు, పెన్ను పట్టుకుని.

"పేషెంటు ఎవరూ లేరు. నేనే."

"అప్పురం, మరి యెందుకు వచ్చినారమ్మా?" అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"మా నాయనను చూసేదానికి."

"యే వార్డు?"

వార్డు కాదు, గుడియాత్తం అన్నాను. అతను నా పేరు ఒక్కటే రాసుకుని తాళం ఇచ్చాడు. నేను మెట్లెక్కుతుంటే పైనుంచి ఒక కుటుంబం దిగుతోంది. ముసలాయనను కొడుకు ఒక పక్క, కూతురు ఒక పక్క పట్టుకుని ఒక్కో మెట్టూ దింపుతున్నారు. వాళ్ళ భాష నాకు తెలీదు. అయినా ఆ కూతురు మొహంలో భయం నాకు తెలిసిందే. ఆరేళ్ళ కింద నేనూ తమ్ముడూ నాయనను ఇదే సందులో ఇట్లాగే దింపాము. చివరి రోజుల్లో కూడా ఆయన మంచం మీద పడుకుని పక్క మంచాల వాళ్ళను "ఏమి సమాచారం?" అని అడుగుతూనే ఉండేవాడు. ఎవరికి ఏ జబ్బో, ఎవరి కూతురికి ఏ నెలలో పెళ్ళో మొత్తం ఆయన దగ్గర ఉండేది. నేను ఫ్లాస్కులో కాఫీ తెచ్చేలోగా నలుగురి కథలు పోగుచేసి నాకు అప్పజెప్పేవాడు. గదిలోకి పోయి తలుపు వేసుకుని, ఫ్యాను కింద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఈ మధ్య ఇట్లా ఏడవడం అలవాటైపోయింది. తర్వాత మొహం కడుక్కుని, కింద హోటల్లో పొంగలి తిని, సత్తువాచారి బస్సెక్కాను.

దివ్య అత్తగారిల్లు సత్తువాచారిలో, కలెక్టరాఫీసుకు దగ్గర్లోనే. రెండు గదులు, అందులో అయిదుగురు, ఇప్పుడు బిడ్డ, బిడ్డ కోసం వచ్చిన దివ్య తల్లి, మా మరదలు వసంత. నేను పడుకోవడానికి చోటు లేదని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఉండమని వాళ్ళూ, వద్దని నేనూ మర్యాదకు అనుకున్నాం. బిడ్డను నా ఒళ్ళో పెట్టారు. ఇంకా పేరు పెట్టలేదు. ముక్కు మాత్రం అచ్చం మా తమ్ముడిదే, చివర కొంచెం బండగా. "ముక్కు నీదిరా మోహనా" అని లోపల అనుకున్నాను. పైకి అంటే వసంత తట్టుకోలేదు.

"రేపు సుడుకాటికి పోతా" అని చెప్పాను.

వసంత ఉలిక్కిపడింది. "ఆడోళ్ళు ఆడికి పోరాదు వొదినా. మీ తమ్ముడుండి ఉంటే ఒప్పుకుంటాడా?"

"వాడుండి ఉంటే నేనెందుకు పోతాను?" అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను.

దివ్య మాత్రం బిడ్డను అందుకుంటూ మెల్లగా అంది: "పో అత్తా. తాతకు నా బిడ్డ సంగతి చెప్పు. అప్ప ఈ సారి పోయి చెప్పాలని యెంత ఆశ పెట్టుకున్నాడో. నా కడుపు మీద చెయ్యి పెట్టి, 'తాతకు కొత్త సమాచారం వస్తాండాది' అనేవాడు."

తండ్రి అన్న ఆ మాట వినగానే వసంత లేచి పక్క గదిలోకి పోయింది. చీకటి పడకముందే లాడ్జీకి వచ్చేశాను. వరండాలో ఎవరో ఆవనూనెతో కూర వండుకుంటున్నారు. నన్ను చూసి ఒక పెద్దామె గిన్నె ఎత్తి చూపించి, కొంచెం తింటావా అన్నట్టు చెయ్యి ఊపింది. తల అడ్డంగా ఊపి దండం పెట్టాను. తర్వాత గదిలో, పోయి తింటే పోయేది కదా అనిపించింది.

మర్నాడు పొద్దునే తలస్నానం చేసి, గది ఖాళీ చేసి, పాల ప్యాకెట్టు, పూలు, అగరొత్తులు కొనుక్కుని గుడియాత్తం బస్సెక్కాను. పళ్ళికొండ మీదుగా గంట పైన ప్రయాణం. కూర్చోవడానికి డ్రైవరు వెనక సీటు మంచిది, వెనక చక్రాల మీద కూర్చుంటే నడుం మీది కాదు. ఆడి గాలి ఈడ్చి కొడుతోంది. కొబ్బరి తోటలు ఒక పక్కకే వంగి ఉన్నాయి. నా పక్కన కూర్చున్నామె ఒళ్ళో అరిటాకుల చుట్ట, బుట్టలో గుమ్మడికాయ.

"అమాసకు పోతాండారా?" అంది నా చేతిలో పూలు చూసి.

"ఆమా" అని తల ఊపాను. గుడియాత్తం దగ్గర పడే కొద్దీ నా నోరు దానంతట అదే మారిపోతుంది. నెల్లూరులో ఇన్నేళ్ళున్నా అంతే.

"ఎవురికి?"

"మా నాయనకు."

"అన్నదమ్ములు లేరా?" అంది. ఆమె మామూలుగానే అడిగింది. నేను కిటికీ వైపు తిరిగి, "లేరు" అన్నాను. ఆ మాట అనడం నాకదే మొదటిసారి. అందాకా ఎవరడిగినా "మా తమ్ముడికి ఇట్లా జరిగింది" అనే అనేదాన్ని.

గుడియాత్తంలో దిగి మా వీధికి నడిచాను. ఒకప్పుడు ఆ వీధిలో పొద్దున్నే గంజి వాసన, ఇంటింటా మగ్గం టకటకలు. ఇప్పుడు ఒక పక్క పవర్‌లూమ్ షెడ్ల మోత, ఇంకో పక్క తాళాలు. మా ఇల్లు నాయన ఉండగానే చేతులు మారింది. వాకిట్లో ఎవరిదో స్కూటరు ఉంది. తలుపు తీసే ఉంది గానీ లోపలికి చూడబుద్ధి కాలేదు. మగ్గం గుంట పూడ్చి పైన టైల్స్ వేశారని తమ్ముడు ఎప్పుడో చెప్పాడు. ఆగకుండా పోయి, నాలుగిళ్ళ అవతల కన్నయ్య మామ ఇంటి ముందు నిలబడ్డాను.

కన్నయ్య మామ నాయనకు ఈడువాడు. పడుచుతనం నుంచీ పక్కపక్క మగ్గాలు. నేత మానేశాడు గానీ చేతులు ఊరుకోవు. గడపలో కూర్చుని రాట్నం మీద కండెలకు నూలు చుడుతున్నాడు.

"ఎవురది?"

"నేను మామా, సరోజను. రత్నం కూతురు."

రాట్నం ఆగింది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మోహన సంగతి తెలిసింది అమ్మణ్ణీ. ఆంబూరుకు రాలేకపోయినా. కాళ్ళు ఆడవు" అన్నాడు. కోడలు నీళ్ళిచ్చింది. నేను చెంబు కింద పెట్టి, అడగాల్సింది అడిగేశాను.

"మామా, నాయన యాడుండాడో నాకు చూపీవల్ల. చెప్పాల్సిన సమాచారం ఉండాది."

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఆడోళ్ళు పోతే బాగుండదు మామా. నలుగురూ చూస్తారు."

"చూడనీ. ఆ ఇంట్లో మొగోడు యాడుండాడు? కూతురి నోరు నోరు గాదా?" అంటూ మామ చేతికర్ర అందుకున్నాడు. "ఆటోను పిలువు పో, సీక్రం."

సుడుకాడు ఏటి గట్టునే. ఏరంటే పేరుకే, ఇసుక, ముళ్ళచెట్లు, ఎక్కడో నడుమ సన్నటి నీళ్ళు. అమావాస్య కాబట్టి అక్కడక్కడా మగవాళ్ళు కూర్చుని పూజలు చేసుకుంటున్నారు. నన్ను చూసి ఒకరిద్దరు మాటలు ఆపారు. నేను తల వంచుకోలేదు. బస్సులో డెబ్బైమంది మధ్య నిలబడి టికెట్లు కొట్టినదాన్ని, నలుగురు చూస్తే ఏమవుతుంది! కొంగు మాత్రం నిండుగా కప్పుకున్నాను, అబద్ధమెందుకు.

తమ్ముడు ఫోన్లో చెప్పిన గుర్తులు నాకు కంఠతా వచ్చు. గేటులోంచి నేరుగా పోతే సిమెంటు అరుగు, ఆ అరుగును ఆనుకుని కలబంద నాటిన దిబ్బ. వెంటనే కనబడింది. మామ వెనకాల మెల్లగా కర్ర పొడుచుకుంటూ వస్తున్నాడు. ఆయన కోసం ఆగలేకపోయాను. పోయి మోకాళ్ళ మీద కూర్చుని, పూలు పెట్టి, అగరొత్తులు గుచ్చి, పాల ప్యాకెట్టు పళ్ళతో చింపి సగం పోశాను. "నాయనా" అన్నాను.

"అమ్మణ్ణీ, ఆగు" అన్నాడు మామ వెనకనుంచి. "అది రాజమ్మ."

నాకు అర్థం కాలేదు. రాజమ్మ అంటే మామ పెండ్లాం, మా రాజత్త. నాయన పోయిన వారమే ఆమె కూడా పోయింది.

మామ అరుగు మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. "ఆ వారమంతా వాన. నీకు గుర్తుండాదా? రెండూ పచ్చి దిబ్బలే, పక్కపక్కనే. వానకు రెండూ కరిగి ఒకటే మాదిరి అయిపోయె. రెండిటికీ కలబంద నేనే నాటినా. పై ఏడు మీ తమ్ముడు వచ్చి, నేరుగా మీ అత్త మీద పడి, నాయనా నాయనా అని ఒకటే ఏడుపు."

"నువ్వు చెప్పలేదా మామా?"

"యెట్ల చెప్పేది? అట్ల ఏడుస్తాండేవోణ్ణి లేపి, అబ్బోడా, కొంచెం పక్కకు జరిగి ఏడువు అని చెప్పేదా? పోనీలే, వచ్చే ఏడు చెప్తామనుకున్నా. వచ్చే ఏడు ఇంకా కష్టమై పోయె. పోయిన ఏడాది సమాచారమంతా ఆమెకు చెప్పేసినావు అంటే వాడేమై పోవల్ల?"

ఇన్నేళ్ళూ నా రిటైర్మెంటు, నా మోకాళ్ళు, దివ్య పెళ్ళి సంబంధాలు, తమ్ముడి ఫ్యాక్టరీ గొడవలు అన్నీ రాజత్తకు చేరాయన్నమాట! నవ్వొచ్చింది. ఆ వెంటనే నాయన గుర్తొచ్చాడు.

"అయితే మా నాయనకు ఏమీ తెలీదా మామా? ఏ ఒక్క సంగతీ?"

"అదేం మాటమ్మా!" మామకు కోపమే వచ్చింది. "నేను ఉత్తనే ఉంటానా? మీ తమ్ముడు గట్టిగా చెప్తాడు గదా, నేను రాజమ్మకు పెట్టే పూలు చేతిలోనే పట్టుకోని, ఈ అరుగు మీద కూర్చోని అంతా వింటాను. వాడు బస్సుకు పోతానే, అట్ల జరిగి మీ నాయన కాడ కూర్చోని మళ్ళీ మొదట్నించి చెప్తాను. ఒకటి రెండు మర్చిపోతాను, వయసయిపోయె. నీకు నొప్పి కుడి మోకాలా, ఎడమ మోకాలా?"

"రెండూ మామా."

"అది చెప్పలేదే, ఒకటే అని చెప్పినా."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కాసేపటికి, అడగాల్సింది గుర్తొచ్చి అడిగాను. "మోహన పోయిన సంగతి గూడా నువ్వే చెప్పేసినావా?"

మామ తల వంచుకుని కర్రతో నేల మీద గీస్తూ ఉన్నాడు. "తెలిసిన మర్నాడే వచ్చినానమ్మా. ఆటో పెట్టుకోని వచ్చి కూర్చున్నా. నూలు ధర పెరిగింది అని చెప్పినా, ఏట్లో నీళ్ళు లేవని చెప్పినా. ఆ మాట నోట రాలేదు. అది నేను చెప్పేది గాదు. ఇంటోళ్ళు చెప్పవల్ల. ఎవురో ఒకరు వస్తారులే అని అట్లే పెట్టినా."

నా చెయ్యి పట్టుకుని పక్క దిబ్బ దగ్గరికి తీసుకుపోయాడు. అదీ అంతే, మట్టి, కలబంద. మిగిలిన సగం పాలు అక్కడ పోశాను. పూలు అత్తకు పెట్టినవి తియ్యడం బాగుండదని, నా తలలోంచి ఒక మూర తీసి పెట్టాను. మట్టి మీద చెయ్యి పెడితే ఎండకు వెచ్చగా ఉంది. ఆరేళ్ళ తర్వాత నాయన దగ్గర కూర్చున్నాను.

"నాయనా, ఒక సమాచారం…" అన్నాను మెల్లగా.

"గట్టిగా చెప్పమ్మా," అన్నాడు మామ. "వాడికి చెవుడు గదా."

నిజమే, మర్చేపోయాను. ఇంటి వెనక పవర్‌లూమ్ షెడ్డు వచ్చాక నాయనకు వినికిడి బాగా తగ్గిపోయింది. చివరి ఏళ్ళలో మేమంతా ఆయనతో అరిచే మాట్లాడేవాళ్ళం. పైగా ఆ గాలి. పక్కనున్న నాకే నా మాట వినబడలేదు.

"నాయనా! దివ్యకు ఆడబిడ్డ పుట్టింది!" అని అరిచాను. దూరంగా ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. "బాగుండాది! తల్లీ బిడ్డా ఇద్దరూ బాగుండారు! ఇంకా పేరు పెట్టలా! ముక్కు మన మోహనది!"

అక్కడ ఆగిపోయాను. మళ్ళీ గాలి పీల్చుకుని, బస్టాండులో ఊరి పేరు కేకేసే గొంతుతో, ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

"మోహన పోయినాడు నాయనా! ఎండాకాలంలో పోయినాడు! గుండె నిలిచిపోయింది! నొప్పి పడలేదంట! నేను చూడలేదు, నేను పోయేలోగా అయిపోయింది! నేనొక్కటే ఉండాను నాయనా!"

చివరి మాట చెప్పాలని నేననుకోలేదు, అది దానంతట అదే వచ్చింది. మట్టి మీద పడి ఏడ్చాను. అందాకా నన్ను వింతగా చూసిన మగవాళ్ళలో ఒకాయన వచ్చి నా పక్కన నీళ్ళ సీసా పెట్టి పోయాడు. మామ కష్టం మీద వంగి మట్టిని అరచేత్తో సవరించాడు. "విన్నాడులే. విన్నాడు" అన్నాడు.

లేచి వచ్చేటప్పుడు మామ రాజత్త దిబ్బ వెనకాల ఖాళీ నేలను కర్రతో చూపించాడు. "నేను ఈడ. చూసిపెట్టుకో. మీ తమ్ముడి మాదిరి ఇంకెవురి కాడనో కూర్చోని ఏడవబాక."

"నీకట్లాంటి మాటలెందుకు మామా?"

"మరి నాకు సమాచారం ఎవురు చెప్తారు? నా కొడుకు నోట్లో మాట రాదు, నువ్వే చెప్పవల్ల. ముగ్గురికీ ఒకేసారి చెప్పేయి, పని తీరిపోతాది."

మామ ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకుని, కోడలు పెట్టిన అమావాస్య భోజనం తిన్నాను. వడ, పాయసం, గుమ్మడికాయ పులుసు. పొద్దున అడ్డం చెప్పిన ఆ కోడలే రెండోసారి పాయసం పోస్తూ, "వచ్చే ఏడు గూడా రాండక్కా, ఈడనే దిగండి" అంది. మూడింటికి కాట్పాడి బస్సు దొరికింది. స్టేషన్లో కాఫీ తాగి, అయిదు తర్వాత వచ్చిన రైలెక్కాను. ఈసారి నా సీట్లో ఎవరూ లేరు. ఎదురుగానూ ఎవరూ లేరు. చిత్తూరు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాను.

పాకాల దగ్గర దివ్య ఫోన్ చేసింది. "అత్తా, చెప్పినావా?"

"చెప్పినా. అంతా చెప్పినా."

"అత్తా, ఇది విను. పాప ఈ పొద్దు మొదటిసారి నవ్వింది. నిద్రలో గాదు, నా మొహం చూసి నవ్వింది!"

"అట్లనా!" అని ఎగిరి గంతేసినంత పని చేశాను. ఫోన్ పెట్టేయగానే ముందు అనుకున్నది, ఈ సంగతి నాయనకు చెప్పాలే అని. అప్పుడు తెలిసింది, ఇంక వచ్చే ఆడి దాకా ఆగాలి. ఒక పూట ముందు నవ్వి ఉంటే సరిపోయేది కదా ఈ పిల్ల! బోగీలో లైట్లు వెలిగాయి. కిటికీ అద్దంలో నా మొహం నాకే కనబడుతోంది. చాలా దిగులేసింది.

కాబట్టి ఇది చదివి ఆ వైపు పోయేవాళ్ళకు ఒక మనవి. వేలూరు నుంచి గుడియాత్తానికి బస్సులకు కొదవ లేదు. దిగి, ఏటి గట్టు సుడుకాడు అంటే ఏ ఆటో అయినా తీసుకుపోతుంది. గేటులోంచి నేరుగా పోతే సిమెంటు అరుగు. దాని పక్కన కలబంద దిబ్బ రాజత్తది, దాని తర్వాతిది మా నాయన మునిరత్నానిది. పూలు, పాలు ఏమీ అక్కర్లేదు. ఒక్క నిమిషం ఆగి, మీ మనవరాలి బిడ్డ నవ్వింది అని చెప్పండి. కొంచెం గట్టిగా చెప్పండి.